తొమ్మిదో అంశం

అక్టోబరు 2, బుధవారం

గ్రామసభ అయింది. సర్పంచ్ పున్నయ్య గారు ఇడ్లీ, గారె పెట్టించారు కాబట్టి కోరం వచ్చింది. తిన్నాక సగం మంది చెయ్యి కడుక్కుని అటునుంచి అటే వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళని కూర్చోబెట్టి వచ్చే ఏడాదికి ఊరికి ముందుగా ఏమేం కావాలో రాసుకున్నాను. హైస్కూలు వెనక సీసీ రోడ్డు, ముసునూరు రోడ్డు పక్క డ్రెయిను, వీధి దీపాలు, శ్మశానానికి ప్రహరీ. ఇలా ఎనిమిది తేలాయి. పంచాయతీ సెక్రటరీగా ఇది నా ఆరో సభ. ఏది ఎవరు అడుగుతారో, ఏ గొంతుతో అడుగుతారో కూడా నాకు ముందే తెలుసు.

మైకు కట్టేస్తుంటే వెనక నుంచి వెంకాయమ్మ లేచింది. మామిడి కోతలప్పుడు పంచాయతీ షెడ్డు దగ్గర కాయలు ఏరి ట్రేలకెత్తే ఆడవాళ్ళు పాతిక ముప్పై మంది ఉంటారు. వాళ్ళకి ఆవిడే పెద్ద.

"మేడం గారూ, కాయలేరే కాడ మాకు కాస్త చాటు కావాలండీ" అంది.

"ఏం చాటు?" అన్నారెవరో ముందు వరసలోంచి. నవ్వులు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

రాసుకున్నాను. తొమ్మిదో అంశం: మామిడి షెడ్డు వద్ద మహిళా కూలీలకు నీడ వసతి.

తలనొప్పిగా ఉంది. మైకు వాడు సౌండు ఎక్కువ పెట్టాడు.

అక్టోబరు 3

చాటు అంటే నీడే. ఎండ చాటు అంటాం, వాన చాటు అంటాం. ఎవరైనా అంటారు.

అక్టోబరు 5

గోడ చాటు అని కూడా అంటారు. ఇక ఈ మాట గురించి రాయను.

అక్టోబరు 17

పున్నయ్య గారు జాబితా చూడ్డానికి వచ్చారు. మనిషి మంచివాడే, నన్ను ఏనాడూ పేరు పెట్టి కసరలేదు. కళ్ళజోడు నుదుటి మీదకి ఎత్తి, కాగితం దూరంగా పెట్టుకుని ఒక్కోటీ చదివారు. తొమ్మిదో దాని దగ్గర ఆగారు.

"షెడ్డంటేనే నీడ కదమ్మా. నీడకి మళ్ళీ నీడేంటి?"

షెడ్డు నిండా ట్రేలు, గడ్డీ ఉంటాయనీ, ఆడవాళ్ళు బయట ఎండలో కూర్చుని ఏరతారనీ చెప్పాను. అది నిజమే.

ఆయన నా ముఖంలోకి చూశారు. "ఆవిడ అడిగింది నీడేనా?"

"నాకలాగే వినపడిందండీ."

"నీకేది వినపడితే అదే రాయి. మనకి బోర్డుంది కదా, అది మర్చిపోకు" అని లేచారు. పోతూ పోతూ, "రేకులు వేయిద్దాంలే, ఫొటోకి కూడా బావుంటుంది" అన్నారు.

బోర్డు ఊరి మొదట్లో ఉంది. నీలం రంగు. బహిరంగ మలవిసర్జన లేని ఆదర్శ గ్రామం అని ఉంటుంది దాని మీద. దానికోసం పోయినేడు ఫారం నింపింది నేనే. ఇంటింటికీ తిరిగి నిజాయితీగా నింపాను, ఆ మాట ఎవరైనా చెప్తారు. ఆఖరి పేజీలో ఒక ప్రశ్న ఉంది. కూలీలు, జనం గుమిగూడే చోట మరుగుదొడ్డి ఉన్నదా? ఉన్నది అని టిక్కు పెట్టాను. పంచాయతీ ఆఫీసు వెనక ఒకటి ఉంది. షెడ్డుకి అది కిలోమీటరు దూరం. ఎంత దూరంలో ఉండాలో ఫారంలో అడగలేదు.

ఇప్పుడు షెడ్డు దగ్గర మరుగుదొడ్డి కావాలని నేనే రాస్తే, ఉన్నదని రాసింది ఎవరు అని అడుగుతారు. ఎవరూ అడగకపోవచ్చు కూడా. అయినా ఆవిడ అడిగింది నీడ.

డిసెంబరు 22, ఆదివారం

ఉంగుటూరు వెళ్ళాను. మా ఆయన శ్యామ్ పనిచేసే స్కూలు, పాప చదివే స్కూలు అక్కడే. నేనొక్కదాన్నే ఇక్కడ గది తీసుకుని వారానికో రోజు చుట్టంలా వెళ్తున్నాను. ఈసారి బదిలీల్లో ఆ వైపు వస్తుందేమోనని శ్యామ్ ఆశ. ఆ నీలం బోర్డు తెచ్చినందుకు రిపబ్లిక్ డేకి జిల్లాలో ఇచ్చే ప్రశంసా పత్రాల్లో నా పేరు ఉందట. అది ఉంటే బదిలీకి బలం అన్నాడు.

చర్చికి వెళ్ళాం. అందరూ కళ్ళు మూసుకుంటే నేనూ మూసుకున్నాను. ప్రార్థన చేయలేదు. ఊరికే మూసుకున్నాను.

జనవరి 24

ప్లాను పోర్టల్లో ఎక్కించాను. తొమ్మిది అంశాలు. సర్వరు మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ తొమ్మిదోది మళ్ళీ టైపు చేయాల్సి వచ్చింది. మూడుసార్లూ అదే టైపు చేశాను.

జనవరి 26

పేరు పిలిచారు. వెళ్ళాను. చప్పట్లు కొట్టారు. ఫ్రేము కట్టి ఇచ్చారు, బాగా బరువుగా ఉంది.

పాప వీడియో తీసింది. అందులో నేను నవ్వుతున్నాను.

ఫిబ్రవరి 11

వెంకాయమ్మ ఆఫీసుకొచ్చింది. ఉపాధి కార్డులో పేరు తప్పు పడిందట. పని అయ్యాక గోడ మీద ఫ్రేము చూసి, "మనూరికి పేరు తెచ్చారమ్మా" అంది. మనూరికి అంది.

"మా సంగతి ఎందాకొచ్చిందండీ?" అని అడిగింది. సంగతి అంటే ఏంటో చెప్పలేదు. నేనూ అడగలేదు. "వేసవికల్లా అయిపోతుంది వెంకాయమ్మా" అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది.

ఆటో కోసం ఆఫీసు అరుగు మీద కూర్చుంది. అరగంట దాకా ఆటో రాలేదు. నాకు వెళ్ళాల్సి వచ్చింది. బ్యాగులోంచి మరుగుదొడ్డి తాళం చెవి తీసుకుని ఆవిడ ముందునుంచే వెనక్కి వెళ్ళాను. తిరిగొచ్చి చెవి మళ్ళీ బ్యాగులో వేసుకున్నాను. ఆవిడ నా చేతిని చూసి, చూపు తోటల వైపు తిప్పేసుకుంది. నువ్వు కూడా వెళ్తావా అని అడిగి ఉండొచ్చు. అంత పెద్ద మాటేం కాదు. అడగలేదు. ఎందుకడగలేదో ఇప్పటికి గంట నుంచి ఆలోచిస్తున్నాను. అడిగితే, ఆవిడకి అది కావాలని నాకు తెలుసని ఒప్పుకున్నట్టే కదా.

మార్చి 9

అమ్మ ఫోన్ చేసింది. బాపులపాడు వైపు పిందె బాగా రాలిందట. "మీ వైపు నిలిచిందా?" అని అడిగింది. అమ్మ కూలికెళ్ళడం మానేసి పన్నెండేళ్ళు. అయినా ఇప్పటికీ ఎవరి తోటలో ఎంత కాపో ఆవిడకి కావాలి. ఏ తోటకెళ్ళినా అమ్మని చూసి "విజయరాణి వచ్చిందంటే కాయ కింద పడదు" అనేవాళ్ళట. ఆ మాట ఇవాళ కూడా చెప్పింది. నవ్వాను.

ఇది రాయకూడదనుకున్నాను. రాస్తాను.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. సెలవుల్లో అమ్మతో పాటు తోటకెళ్ళేదాన్ని. మధ్యాహ్నం అయ్యేసరికి అమ్మ నా దగ్గరకొచ్చి చెవిలో, "కాస్త చాటు పట్టవే" అనేది. తుండుగుడ్డ రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని, చేతులు బార్లా చాపి నిలబడేదాన్ని. ముఖం రోడ్డు వైపు. ఎవరైనా వస్తుంటే దగ్గాలి. అమ్మ తర్వాత ఇంకొకామె వచ్చేది, ఆవిడ తర్వాత ఇంకొకామె. చేతులు పీకేవి. "బంగారు తల్లి" అని ముద్దులు పెట్టేవాళ్ళు. ఓసారి ఒక లారీ వాడు వస్తుంటే దగ్గడం మర్చిపోయాను. అమ్మ కొట్టలేదు. సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

నాకు ఆ మాట తెలుసు. అక్టోబరు రెండున కూడా తెలుసు. వెంకాయమ్మ నోట ఆ మాట వచ్చిన క్షణానే నా చేతులు పీకాయి. నిజంగా పీకాయి. అప్పుడే పెన్ను తీసుకుని నీడ అని రాశాను.

సిగ్గుగా ఉంది. ఈ పేజీ చింపేద్దామనుకున్నాను. చింపితే వెనక పేజీ కూడా ఊడొస్తుంది.

మార్చి 10

ఇంకా సమయం ఉంది. మార్చొచ్చు.

మార్చి 21

ఈ వారం ఆడిట్. కుదర్లేదు.

ఏప్రిల్ 2

మంజూరయ్యాయి. తొమ్మిదింటిలో నాలుగే. రోడ్డు, డ్రెయిను, దీపాలు, నీడ. మొత్తం జాబితాలో ఎవరూ అడగని పని అదొక్కటే, అదే మంజూరైంది.

ఏప్రిల్ 16, బుధవారం

ప్రారంభం చేశాం. నాలుగు ఇనప స్తంభాలు, పైన రేకులు. చుట్టూ ఏమీ లేదు. షెడ్డు పక్కన ఇంకో షెడ్డు. పున్నయ్య గారు రిబ్బను కోసి, ఇనప స్తంభం మీద చెయ్యి వేసి ఫొటో దిగారు. ఎండకి కాలింది, "అబ్బా" అని చెయ్యి తీసేసుకున్నారు. అందరూ నవ్వారు.

ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. అప్పుడే కోతలు మొదలయ్యాయి, చేతుల నిండా సొన మరకలు. రేకుల కిందకి వచ్చి పైకి చూశారు, నాలుగు వైపులా చూశారు. వెంకాయమ్మ కోడలు ప్రసన్న, కాన్పై ఐదు నెలలు కూడా కాలేదు, పక్కామె చెవిలో "దీని కిందేనా?" అంది. చెవిలోనే అన్నా నాకు వినపడింది. పక్కామె ఫక్కున నవ్వింది. ఇద్దరు ముగ్గురు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. వెంకాయమ్మ వాళ్ళని కళ్ళతోనే గద్దించి, అందరికంటే ముందు తను చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు నాకోసం కొట్టింది. నేను తల దించుకోకుండా నిలబడ్డాను. ఎలా నిలబడ్డానో తెలియదు.

మే 9

నలభై నాలుగు డిగ్రీలు. షెడ్డు వైపు వెళ్ళాను. చలివేంద్రం కుండలు పెట్టించాను కదా, నీళ్ళు తాగుతున్నారో లేదో చూద్దామని. మధ్యాహ్నం రెండింటికి కుండలు నిండుగా ఉన్నాయి. "తాగట్లేదేంటమ్మా?" అంటే, "దాహం లేదండీ" అంది ఒకామె. పెదాలు ఎండి చర్మం లేచిపోయి ఉంది ఆవిడకి.

కుండలు పెట్టించింది నేను. అంతకంటే నన్ను వెక్కిరించే పని ఇంకెవరూ చేయలేరు.

మే 13

ప్రసన్న పడిపోయిందట. ట్రే ఎత్తబోతూ. నూజివీడు తీసుకెళ్ళారు.

మే 14

ఆసుపత్రికి వెళ్ళాను. చలి జ్వరం, నడుంలో నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందన్నారు. సెలైన్ ఎక్కుతోంది. ప్రమాదం తప్పిందట, కానీ నాలుగైదు రోజులు ఉండాలి. చంటిపిల్ల ఇంటి దగ్గర ఏడుస్తోందట. డాక్టరమ్మ రౌండ్స్‌కి వచ్చి, "ఎండలో పనిచేస్తూ నీళ్ళెందుకు తాగవమ్మా?" అని కాస్త గట్టిగానే అడిగింది.

"తాగితే ఎల్లాల్సొస్తది కదండీ" అంది ప్రసన్న.

డాక్టరమ్మ చీటీలో ఏదో రాసి పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. నేను అక్కడే ఉన్నాను, నా చేతిలో కమలాపళ్ళ కవరు ఉంది.

వెంకాయమ్మ నన్ను చూసి స్టూలు ఖాళీ చేసింది. "మీరెందుకండీ ఈ ఎండలో" అంది. ఆవిడని బయట వరండాలోకి రమ్మన్నాను. ఆరేళ్ళుగా నువ్వు అనే పిలిచాను. ఇవాళ నోట్లోంచి మీరు అని వచ్చింది.

"వెంకాయమ్మ గారూ, ఆ రోజు సభలో మీరడిగిందేంటో నాకు అర్థమైంది. అర్థమయ్యే వేరే రాశాను."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"తెలుసులేమ్మా. మాకు ఆ రోజే తెలుసు. అంతమంది మగోళ్ళ మధ్య, గవర్నమెంటు పుస్తకంలో ఆ మాట రాయాలంటే మీకు మాత్రం సిగ్గుండదా? మేం నోటితో అనలేకే కదా అలా అన్నాం. ఎంత చదువుకున్నా ఆడపిల్ల, తను మాత్రం ఏం రాస్తదిలే అనుకున్నాం. రేకులేయించారు. మీ చేతనైంది చేశారు."

బోర్డు సంగతి చెప్పాలి. ఫారం సంగతి, ఫ్రేము సంగతి చెప్పాలి. అన్నీ నోటి దాకా వచ్చాయి.

"అవునండీ, సిగ్గేసింది" అన్నాను.

"ఊరుకో తల్లీ" అని నా వీపు నిమిరింది.

మే 15

క్షమించేసింది. నేను చేయని తప్పుకి.

మే 20

పున్నయ్య గారితో ప్రత్యేక సభ పెట్టాలన్నాను. అదనపు అంశం కింద షెడ్డు దగ్గర మరుగుదొడ్డి.

"బోర్డు తీసేయమంటారేమోనమ్మా."

"తీసేస్తే తీసేయనివ్వండి."

"నీ బదిలీ?"

సభ నోటీసు కాగితం తీసి ఆయన ముందు పెట్టాను.

"నీడ అని నువ్వు రాస్తే నేను నవ్వుకుని ఊరుకున్నాను. నాకూ అర్థమైందమ్మా ఆ రోజే" అన్నారు. అని కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. అంటే సభలో అర్థం కానివాళ్ళు ఎవరు? సరే, తేదీ పెట్టమన్నారు.

మే 28

రేపు చదవాల్సింది కాగితం మీద రాసుకున్నాను. రెండు వాక్యాలు. ఒకటి, మామిడి షెడ్డు వద్ద మరుగుదొడ్డి ఉన్నట్టు ఆదర్శ గ్రామం ఫారములో వ్రాసినది నేను, అది అబద్ధము. రెండు, అక్కడ పనిచేయు మహిళలకు వెంటనే మరుగుదొడ్డి నిర్మించవలెను.

ముందు మొదటిది చదవాలి. రెండోది ముందు చదివితే మొదటిది ఇక చదవను. నా సంగతి నాకు తెలుసు.

మే 29, గురువారం

ఇడ్లీలు లేకపోయినా జనం వచ్చారు. ప్రసన్న పడిపోయిన సంగతి ఊరంతా తెలుసు. షెడ్డు ఆడవాళ్ళు పనికి ఒక పూట ఎగ్గొట్టి వచ్చారు, ఎడం పక్క నేల మీద కూర్చున్నారు. ముందు వరస కుర్చీల్లో ఎప్పుడూ ఉండే మగవాళ్ళే.

మైకు తీసుకున్నాను. "మామిడి షెడ్డు వద్ద..." అన్నాను. ఆగాను. కాగితం చూశాను, అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. మళ్ళీ, "మామిడి షెడ్డు వద్ద" అన్నాను. ముందు వరసలో ఎవరో, "షెడ్డు వద్ద ఏంటి మేడం?" అన్నారు. ఇంకెవరో కిసుక్కున నవ్వారు. మూడోసారి నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు.

వెంకాయమ్మ లేచింది. జనాన్ని దాటుకుంటూ నా దగ్గరికి వచ్చి, నా చేతిలోంచి మైకు తీసుకుంది. మైకు ఎప్పుడూ పట్టుకోలేదు కాబోలు, నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది, ఊపిరి కూడా ఊరంతా వినపడింది.

"మేడం గారు అనలేకపోతన్నారు. ఆడపిల్ల, ఎట్టా అంటది. నేను ముసలిదాన్ని, నేను అంటాను. మాకు లెట్రీను లేదయ్యా. తెల్లారగట్ల ఇంటికాడ ఒంటికెళ్ళొస్తే మళ్ళీ పొద్దుగూకాకే. అందుకని నీళ్ళు తాగం. నెలసరొచ్చిన పిల్లలు పనికే రారు. నా కోడలు పడిపోయింది అందుకే. లెట్రీను కావాలి. తలుపున్నది, నీళ్ళొచ్చేది."

వెనక కుర్రాళ్ళు నవ్వారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. ఆ నవ్వు ఆగేదాకా అలాగే నిలబడింది. ఆగింది. పున్నయ్య గారు లేచి, "ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. మొదట ఆడవాళ్ళు ఎత్తారు. తర్వాత మిగతావాళ్ళు ఎత్తారు.

మైకు నాకు తిరిగిచ్చింది వెంకాయమ్మ. ఆవిడకి మెడ దాకా చెమటలు. "రాసేసుకోమ్మా. నేను అనేశాగా, ఇక నువ్వు నోటితో పలకక్కర్లేదు" అంది నెమ్మదిగా, నాకొక్కదానికే వినపడేట్టు. అరవై ఏళ్ళ మనిషి, నా సిగ్గు కాపాడ్డానికి తన సిగ్గు వదిలేసుకుంది. నాకసలు లేని సిగ్గు. ఏడుపొచ్చింది. ఏడిస్తే అది కూడా సిగ్గే అనుకుంటుందని ఆపుకున్నాను.

తీర్మానాల పుస్తకంలో రెండో వాక్యం రాశాను. ఏకగ్రీవం. మొదటి వాక్యం కోసం దాని పైన ఒక లైను వదిలాను. సంతకాలు, వేలిముద్రలు కింద పెట్టించాను. వెంకాయమ్మది మొదటి వేలిముద్ర. పైన ఆ ఖాళీ ఎందుకని ఎవరూ అడగలేదు.

మే 30

పుస్తకం తెరిచాను. లైను ఖాళీగానే ఉంది.